వైద్య సమాచారాన్ని వెతికిన చరిత్ర: బిల్లింగ్స్ నుంచి గూగుల్ వరకు

పాఠక మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "డాక్టరుగారూ, మా జబ్బు గురించి ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చునా?" తప్పక చూసుకోవచ్చును. తన ఒంట్లో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడం రోగి హక్కు అని నమ్మే వైద్యులలో నేనొకణ్ణి. అయితే ఆ చూడటంలో ఒక చిక్కు ఉన్నది. సెర్చ్ పెట్టెలో నాలుగు మాటలు టైపు చేసి, పైన వచ్చిన రెండు మూడు పేజీలు చదివి, ఉన్నదంతా ఇంతే అనుకోవడం మనందరికీ అలవాటైపోయింది. ఏమీ దొరకకపోతే అటువంటిదేమీ లేదని నిశ్చయించుకుంటాము. ఈ రెండవ అలవాటు మొదటిదానికంటె ప్రమాదకరం. 2001లో ఒక నిండు ప్రాణం పోవడంలో దానికీ పాలు ఉన్నది.

ఆ సంగతికి రావడానికి ముందు, వైద్య విజ్ఞానాన్ని వెతకడం అనే పని ఎక్కడ మొదలై మన చేతిలోని ఫోను దాకా ఎట్లా వచ్చినదో కొంత చెప్పాలి. ఏ అరలో ఏమి పెట్టారో, ఎప్పటినుంచి పెట్టారో తెలియనివారికి ఎంత గొప్ప గ్రంథాలయమైనా సగమే ఉపయోగపడుతుంది.

1860లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో జాన్ షా బిల్లింగ్స్ అనే వైద్యవిద్యార్థి పట్టా కోసం ఒక వ్యాసం రాయడానికి పూనుకున్నాడు. మూర్ఛరోగానికి చేసే శస్త్రచికిత్స అతడు ఎంచుకున్న విషయం. ఆ శస్త్రచికిత్స అంతవరకు ఎంతమందికి జరిగింది, ఎంతమందికి గుణం కనిపించింది అని లెక్క తేల్చాలని అతని కోరిక. చిన్న ప్రశ్నే. కాని దానికి సమాధానం ఏ ఒక్క గ్రంథంలోనూ లేదు. ఎన్నో పత్రికలలో, ఎన్నో పుస్తకాలలో ముక్కలు ముక్కలుగా పడి ఉన్నది. దాదాపు ఆరు నెలలపాటు వెయ్యికి పైగా సంపుటాలు తిరగవేసిన తరువాత అతనికి అసలు సంగతి బోధపడింది. వైద్యులు తమ అనుభవాన్ని శ్రద్ధగానే రాసిపెడుతున్నారు. ఆ రాసినదాన్ని మరొకరు కనుక్కునే మార్గం లేదు. కావలసిన పుస్తకాలన్నీ ఒక్కచోట ఉన్న గ్రంథాలయం ఆ దేశం మొత్తంలో లేదు.

తరువాత అంతర్యుద్ధం వచ్చింది. బిల్లింగ్స్ సైన్యంలో శస్త్రవైద్యుడుగా చేరాడు. 1865లో యుద్ధం ముగిశాక వాషింగ్టన్‌లోని సర్జన్ జనరల్ కార్యాలయపు గ్రంథాలయాన్ని అతని చేతికి అప్పగించారు. అప్పటికి అందులో ఉన్నవి రెండువేల చిల్లర పుస్తకాలు. యుద్ధకాలపు ఆసుపత్రులు మూతపడగా మిగిలిన నిధులతో అతడు పుస్తకాలు కొన్నాడు. తెలిసినవారికీ తెలియనివారికీ ఉత్తరాలు రాసి పాత పత్రికలు తెప్పించాడు. 1895లో అతడు ఆ పదవి వదిలేనాటికి సంపుటాలు లక్ష దాటాయి.

పుస్తకాలు పోగుచేయడం కంటె పెద్ద పని మరొకటి చేశాడు. వచ్చిన ప్రతి పత్రికలోని ప్రతి ముఖ్యమైన వ్యాసానికీ ఒక కార్డు రాయించాడు. సాయంత్రం ఇంటికి పత్రికల కట్టలు తీసుకొనిపోయి, ఏయే వ్యాసాలకు కార్డులు రాయాలో తానే గుర్తులు పెట్టేవాడు. గుమాస్తాలు వాటిని ఎత్తి రాసేవారు. ఆ కార్డులను విషయం ప్రకారం, రచయిత ప్రకారం పేర్చి అచ్చు వేయించాడు. 1879లో రాబర్ట్ ఫ్లెచర్ అనే సహచరునితో కలిసి ఇండెక్స్ మెడికస్ అనే నెలవారీ సూచికను ప్రారంభించాడు. 1880లో గ్రంథాలయపు మహాసూచిక మొదటి సంపుటం వెలువడింది. మొదటి వరుస పదహారు సంపుటాలు పూర్తి కావడానికి 1895 వరకు పట్టింది. ప్రపంచంలో ఏ మూల ఉన్న వైద్యుడైనా, ఆ సూచిక దగ్గర ఉంటే, తన ఎదుట ఉన్న రోగి వంటి రోగిని మరెవరైనా చూశారా అని వెతుక్కోగలిగాడు.

ఇక్కడే ఒక చిన్న ముచ్చట. అమెరికా జనాభా లెక్కలలో జనన మరణాల గణాంకాలు చూసినది కూడా ఈ బిల్లింగ్సే. ఆ లెక్కలను యంత్రంతో చేయడానికి ఏదైనా ఉపాయం ఉండాలి కదా అని అతడు హెర్మన్ హోలరిత్ అనే యువ ఇంజనీరుతో అన్నాడు. హోలరిత్ రంధ్రాల కార్డుల యంత్రం తయారుచేశాడు. 1890 జనాభా లెక్కలు దానితోనే కట్టారు. అతని కంపెనీ మరికొన్నిటితో కలిసి, తరువాత ఐబీఎం అని పేరు మార్చుకున్నది. కంప్యూటరు వంశవృక్షంలో ఒక వేరు ఇట్లా వైద్య గ్రంథాలయం దాకా పోతుంది.

నేను వైద్యం చదువుకున్న 1970లలో మాకు ఈ ఇండెక్స్ మెడికసే దిక్కు. ఇటుకల వంటి సంపుటాలు, చీమల వంటి అక్షరాలు. కావలసిన వ్యాసం పేరు దొరికితే సగం పని అయినట్లే. ఆ పత్రిక మన గ్రంథాలయానికి వస్తుందో రాదో మిగిలిన సగం. రాకపోతే, "మీ వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు" అని అచ్చు వేసిన కార్డు మీద చిరునామా రాసి విదేశానికి పోస్టు చేసేవాళ్ళం. నెల రెండు నెలలకు కవరు వచ్చేది. ఈలోగా రోగి డిశ్చార్జి కూడా అయిపోయేవాడు.

ఆ సూచికను యంత్రానికి ఎక్కించే పని మాత్రం అప్పటికే మొదలైంది. సర్జన్ జనరల్ గ్రంథాలయం 1956లో నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ అయింది. 1964 జనవరిలో అక్కడ మెడ్‌లార్స్ అనే కంప్యూటరు వ్యవస్థ పనిచేయడం ఆరంభించింది. ప్రశ్నను పోస్టులో పంపితే, నిపుణుడు దాన్ని యంత్రానికి అర్థమయ్యే రీతిలో మార్చి, అయస్కాంతపు టేపుల మీద వెతికించి, జవాబును మళ్ళీ పోస్టులో పంపేవాడు. 1971లో టెలిఫోను తీగ ద్వారా నేరుగా వెతకగలిగే మెడ్‌లైన్ వచ్చింది. దానికీ శిక్షణ పొందిన గ్రంథపాలకుడు కావాలి, రుసుము చెల్లించాలి.

ఈ కాలపు పనిలో మనకు నేటికీ ఉపయోగపడేది ఒకటి ఉన్నది. దాని పేరు మెష్. 1960లో మొదటిసారి ప్రచురించిన పారిభాషిక పదాల పట్టిక అది. ఒక జబ్బుకు పది పేర్లు ఉండవచ్చును. వ్యాసం రాసినవారు వాటిలో ఏ పేరు వాడినా సరే, దాన్ని సూచికలో చేర్చేది మాత్రం పట్టికలో ఉన్న ఒకే ఒక పేరు కిందనే. గుండెపోటు గురించి ఎవరు ఏ మాటతో రాసినా అది మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అనే శీర్షిక కిందికే వస్తుంది. వెతికేవారు ఆ శీర్షికను పట్టుకుంటే చాలు.

తెలుగులో మనకు అటువంటి పట్టిక లేదు. అందువల్ల తెలుగులో వెతికేటప్పుడు ఆ భారం మన మీదనే పడుతుంది. మధుమేహం అని వెతికితే వచ్చే పేజీలు వేరు, చక్కెర వ్యాధి అంటే వచ్చేవి వేరు, షుగర్ అంటే వచ్చేవి వేరు. మూర్ఛ అనే మాటను ఫిట్స్‌కూ వాడతాము, ఎండదెబ్బకు స్పృహ తప్పినప్పుడూ వాడతాము. ఈ రెంటికీ కారణాలు వేరు, చికిత్సలు వేరు. కామెర్లు అనేది అసలు జబ్బు పేరే కాదు, ఎన్నో జబ్బులలో కనిపించే ఒక లక్షణం. మీ వైద్యుడు చీటీ మీద రాసిన ఇంగ్లీషు పేరును అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి వెతకడం వల్ల సగం గందరగోళం తగ్గుతుంది. ఆ పేరు అర్థం కాకపోతే అడగండి. చెప్పడం మా పని.

1996లో పబ్‌మెడ్ అనే పేరుతో ఈ సూచిక ప్రయోగాత్మకంగా ఇంటర్నెట్‌లోకి వచ్చింది. 1997 జూన్ 26న అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ చేతుల మీదుగా దాన్ని ప్రపంచమంతటికీ ఉచితంగా తెరిచారు. చందా లేదు, శిక్షణ లేదు, కార్డు రాసి రెండు నెలలు ఎదురుచూడనక్కరలేదు. ఒక జిల్లా ఆసుపత్రిలో కూర్చున్న వైద్యుడికీ, బోస్టన్‌లో కూర్చున్న ఆచార్యునికీ ఒకే సూచిక. నా ఉద్యోగ జీవితంలో చూసిన గొప్ప సమానత్వాలలో ఇది ఒకటి. ఇప్పుడు అందులో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు ఉన్నాయి.

ఇక 2001 సంగతి.

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద ఒక పరిశోధన జరుగుతున్నది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు శ్వాసనాళాలు మూసుకుపోకుండా తమను తాము ఎట్లా కాపాడుకుంటాయి అన్నది ప్రశ్న. అందుకోసం స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులకు హెక్సామెథోనియం అనే మందును పొగమంచులాగా చేసి పీల్పించారు. ఎలెన్ రోష్ అనే ఇరవైనాలుగేళ్ళ యువతి అక్కడి ఆస్తమా కేంద్రంలోనే టెక్నీషియన్. ఆ మందు పీల్చిన మూడవ వ్యక్తి ఆమె. మే 4న పీల్చింది. తరువాత దగ్గు, జ్వరం మొదలయ్యాయి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. జూన్ 2న మరణించింది. ఆమెకు ఏ రోగమూ లేదు, ఆ పరిశోధన వల్ల కలిగే లాభమూ లేదు. ఇతరులకు మేలు జరుగుతుందని వచ్చిన పిల్ల.

హెక్సామెథోనియం కొత్త మందు కాదు. 1950లలో రక్తపోటుకు విరివిగా వాడారు. 1972లో అమెరికా ప్రభుత్వం దాని అనుమతిని ఉపసంహరించింది. మనుషులకు ఇచ్చే ముందు దాని ప్రమాదాలను గురించి పరిశోధకులు వెతికారు. పబ్‌మెడ్‌లో చూశారు, అప్పటి పాఠ్యగ్రంథాలలో చూశారు. భయపడవలసినది ఏమీ కనపడలేదు. కాని ఆ మందు ఊపిరితిత్తులను దెబ్బతీసినట్లు 1950లలోనే వైద్యులు రాసిన వ్యాసాలు ఉన్నాయి. మరి అవి ఎందుకు కనపడలేదు?

పైన చెప్పిన చరిత్రలోనే జవాబు ఉన్నది. సూచికను యంత్రానికి ఎక్కించడం 1960ల మధ్యలో మొదలైంది. ఆనాడు పబ్‌మెడ్‌లో మామూలుగా వెతికితే కనిపించేది 1966 నుంచి వచ్చిన సాహిత్యమే. అంతకు ముందటిదంతా ఆ ఇటుకల వంటి సంపుటాలలోనే ఉండిపోయింది. మందేమో 1950ల నాటిది. దాని చరిత్ర ఎక్కువ భాగం ఎక్కడ ఉన్నదో అక్కడ వెతకలేదు. ఆమె మరణం తరువాత ఆ పాత వ్యాసాలను ఇతరులు వెలికి తీశారు. కొన్నిటి ప్రస్తావన తరువాతి కాలపు వ్యాసాల చివర ఇచ్చే ఆధారాల పట్టికలలోనే ఉన్నది.

లోపం ఒక్క వెతుకులాటదే అనడం న్యాయం కాదు. ఆ మందును ఈ విధంగా పీల్పించడానికి మందుల నియంత్రణ సంస్థ అనుమతి అడగలేదు. మొదటి స్వచ్ఛంద సేవకునికి దగ్గు, ఆయాసం వచ్చినా పరిశోధన ఆపలేదు. ఈ విషయాలన్నీ విచారణలో బయటపడ్డాయి. జూలైలో ఆ సంస్థలో కేంద్ర నిధులతో మనుషుల మీద జరిగే పరిశోధనలను దాదాపు అన్నిటినీ ప్రభుత్వం కొద్ది రోజులపాటు నిలిపివేసింది. ఆ తరువాతి కాలంలో పాత సూచికలను కూడా మెల్లగా యంత్రానికి ఎక్కించారు. నేడు పబ్‌మెడ్‌లో 1940ల వరకు వెనక్కి పోవచ్చును.

ఈ కథ వైద్యులకు సంబంధించినదే కదా, మాకెందుకు అని మీరు అనవచ్చును. మీ అమ్మగారికి రాసిన మందు గురించి, మీ పిల్లవాడికి వేయించబోయే టీకా గురించి వెతికినప్పుడు మీరు చేసేదీ ఇదే పని. ఏ సెర్చ్ ఇంజనైనా తన దగ్గర ఉన్నదాన్ని చూపుతుంది. లేనిదాన్ని లేదని చెప్పదు, ఉన్నట్లు కూడా చెప్పదు. మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని "ప్రమాదం లేదు" అని చదువుకోకూడదు. మంచి వ్యాసం ఒకటి దొరికితే దాని చివర ఉన్న ఆధారాల పట్టిక చూడండి. వెనక్కి పోవడానికి అదే దారి. పబ్‌మెడ్‌లో ప్రతి వ్యాసం కిందా దాని వంటి మరికొన్ని వ్యాసాలు, దాన్ని తరువాత ఉదహరించిన వ్యాసాలు కూడా చూపుతారు. ముందుకు పోవడానికి అది దారి.

ఈ ముందుకు పోయే దారిని కనిపెట్టినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. ఏ వ్యాసాన్ని తరువాత ఎవరెవరు ఉదహరించారో చెప్పే సూచిక ఒకటి కావాలని 1955లో సైన్స్ పత్రికలో ప్రతిపాదించాడు. అమెరికా న్యాయవాదులు పాత తీర్పులను తరువాతి తీర్పులు ఎట్లా వాడుకున్నాయో చూసుకోవడానికి వాడే పుస్తకాలు అతనికి స్ఫూర్తి. 1960లలో అతని సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి మీద రాసిన వ్యాసాన్ని తరాల తరబడి శాస్త్రజ్ఞులు ఉదహరిస్తూ వచ్చారు. గూగుల్ స్కాలర్‌లో ఆ ఇద్దరి పేర్లు టైపు చేసి చూడండి. ఆ వ్యాసం ఉచితంగానే చదవడానికి దొరుకుతుంది. ఆ గూగుల్ స్కాలర్‌ను 2004లో ప్రారంభించిన ఇద్దరిలో ఒకరు మన ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన అనురాగ్ ఆచార్య.

అసలు గూగుల్ పుట్టినదే ఈ ఆలోచన నుంచి. ఎక్కువమంది ఉదహరించే వ్యాసం ముఖ్యమైనదైతే, ఎక్కువ పేజీలు లంకె ఇచ్చే పేజీ కూడా ముఖ్యమైనదే అవుతుంది అని స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ భావించారు. 1998లో కంపెనీ పెట్టారు. వెతికే పని ఒక్కసారిగా సులువైంది. కాని ఎక్కువమంది వేలెత్తి చూపినది నిజమై ఉండాలనే నియమం ఎక్కడా లేదు.

దీనికి వైద్యంలో ఒక విషాదకరమైన ఉదాహరణ ఉన్నది. 1980లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అనే ఇద్దరి ఉత్తరం ఒకటి అచ్చయింది. ఒక్క పేరా, ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో చేరి, నల్లమందు జాతి మందులు తీసుకున్న దాదాపు పన్నెండు వేలమందిలో, అంతకుముందు వ్యసనం లేనివారికి ఆ మందులు వ్యసనంగా మారిన సందర్భాలు నాలుగే కనిపించాయని అందులో ఉన్నది. ఆసుపత్రిలో, పర్యవేక్షణలో ఇచ్చిన మందుల సంగతి అది. ఇంటి దగ్గర నెలల తరబడి వాడుకునేవారి సంగతి కాదు. 2017లో కొందరు పరిశోధకులు లెక్క తీయగా ఆ ఉత్తరాన్ని 608 సార్లు ఉదహరించినట్లు తేలింది. నూటికి డెబ్భై రెండు మంది దాన్ని "ఈ మందులు వ్యసనంగా మారడం అరుదు" అనడానికి సాక్ష్యంగా చూపారు. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారు అనే ముఖ్యమైన మాటను నూటికి ఎనభై మంది చెప్పనే లేదు. ఈలోగా అమెరికాలో ఆ మాత్రల వ్యసనం వేలాది కుటుంబాలను నాశనం చేసింది. ఐదు వాక్యాలే కదా, తెరిచి చదవడానికి రెండు నిమిషాలు చాలు. చదవకుండా ఉదహరించినవారు ఎంతమందో ఊహించండి. వాట్సాప్‌లో వచ్చినదాన్ని తెరవకుండా ముందుకు పంపడం మనమే కనిపెట్టిన దుర్గుణం కాదన్నమాట.

వ్యాపార ప్రకటనల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్ వినియోగదారుని కంటె ప్రకటనదారుని వైపే మొగ్గు చూపుతుందని 1998లో రాసినవారు ఎవరో కాదు, ఆ పేజ్, బ్రిన్ ఇద్దరే. రెండేళ్ళకే, 2000లో, వారి సంస్థే ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టింది. తప్పుపట్టి ప్రయోజనం లేదు, నడవాలంటే డబ్బు కావాలి. కాని "మోకాళ్ళ నొప్పులకు చికిత్స" అని వెతికినప్పుడు పైన వచ్చే మొదటి కొన్ని పేజీల పక్కన స్పాన్సర్డ్ అనే చిన్న మాట ఉన్నదేమో చూడండి. ఉంటే అది డబ్బు కట్టి కొనుక్కున్న చోటు. గూగుల్‌లో వెతికే మాటల తరువాత సైట్ అనే ఇంగ్లీషు మాట, దాని పక్కనే కోలన్, ఖాళీ లేకుండా ఒక సంస్థ చిరునామా టైపు చేస్తే ఆ సంస్థ పేజీలలో మాత్రమే వెతుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చిరునామా గాని, మన ప్రభుత్వ చిరునామాల చివర వచ్చే గవ్ డాట్ ఇన్ గాని పెట్టి చూడండి. అమ్మకాల పేజీలు దాదాపు మాయమవుతాయి. సామాన్యుల కోసం సులభమైన ఇంగ్లీషులో రాసినది కావాలంటే, ఆ అమెరికా వైద్య గ్రంథాలయమే 1998 నుంచి నడుపుతున్న మెడ్‌లైన్‌ప్లస్ ఉన్నది. దానిలో ప్రకటనలు లేవు.

వెతకడం వల్ల ప్రమాదాలే కాదు, మందులు కూడా దొరికాయి. షికాగో విశ్వవిద్యాలయంలో డాన్ స్వాన్సన్ అనే ఆచార్యుడు ఉండేవాడు. వైద్యుడు కాదు, గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు. చలికి వేళ్ళు తెల్లబడి మొద్దుబారే రేనాడ్స్ అనే జబ్బు గురించి కొన్ని వ్యాసాలు, చేపనూనె రక్తం చిక్కదనాన్ని తగ్గిస్తుందని మరికొన్ని వ్యాసాలు చదివాడు. ఈ రెండు గుంపులవారూ ఒకరినొకరు ఉదహరించుకోలేదు. రెండింటినీ కలిపి, చేపనూనె ఆ జబ్బుకు పనిచేయవచ్చునని 1986లో రాశాడు. తరువాత రోగుల మీద జరిగిన ఒక చిన్న పరీక్షలో కొందరికి మేలు కనిపించింది. అన్నీ అచ్చయి, అందరి ముందూ ఉన్న సంగతులే. కలిపి చదివినవాడు లేడు, అంతే.

ఇక మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి తీసుకొని, వెతకడం ఎట్లాగో చూద్దాము. కామెర్లకు నేల ఉసిరి అనగానే తెలుగు పేజీలు వందలు వస్తాయి. అన్నీ గ్యారంటీ అనే చెబుతాయి. ఇందులో నిజమెంత?

మొదట మొక్కకు శాస్త్రీయ నామం కావాలి. ఇక్కడే చిక్కు. నేల ఉసిరిని కొందరు ఫిల్లాంథస్ అమారస్ అని, కొందరు ఫిల్లాంథస్ నిరూరి అని రాస్తారు. ఒక్క పేరుతో వెతికితే రెండవ పేరుతో రాసినవి తప్పిపోతాయి. రెండు పేర్ల మధ్య ఓఆర్ అనే మాట పెద్ద అక్షరాలలో పెట్టి వెతికితే రెండూ వస్తాయి. రెండు మాటల పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ఆ మాటలు విడిపోకుండా ఉంటాయి. దానికి ఏఎన్‌డీ అని చేర్చి హెపటైటిస్ బి అని రాయండి. కామెర్లు అని రాస్తే లాభం లేదు. ఏ కారణంగా వచ్చిన కామెర్లో చెప్పాలి.

మొట్టమొదట మీ కంట పడేది 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్‌లో ప్రచురించిన వ్యాసం కావచ్చును. హెపటైటిస్ బి వైరస్‌ను చాలాకాలంగా ఒంట్లో మోస్తున్నవారికి నెల రోజులు ఫిల్లాంథస్ అమారస్ ఇచ్చారు. ఇచ్చిన 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. లాన్సెట్ అంటే ప్రపంచంలోని గొప్ప వైద్య పత్రికలలో ఒకటి. ఇక్కడితో ఆగిపోయినవారు మందు దొరికిందని సంబరపడతారు. నేటికీ అమ్మకపు పేజీలలో ఈ ఒక్క వ్యాసం పేరే కనిపిస్తుంది.

ఆగకుండా, దాన్ని ఉదహరించిన వ్యాసాలు తెరవండి. ఇతర చోట్ల చేసిన పరీక్షలలో ఆ ఫలితం రాలేదు. పబ్‌మెడ్‌లో ఎడమవైపు సిస్టమాటిక్ రివ్యూ అనే వడపోత ఉంటుంది. ఒక విషయం మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి తూచే వ్యాసాలు అవి. దాన్ని నొక్కితే 2011 నాటి కాక్రేన్ సమీక్ష వస్తుంది. ఉత్తుత్తి మందుతో పోల్చినప్పుడు ఈ మొక్క దీర్ఘకాలపు హెపటైటిస్ బి రోగులకు మేలు చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని దాని సారం. కాక్రేన్ సమీక్షలన్నిటికీ సామాన్యుల భాషలో ఒక సారాంశం ఉంటుంది, అది ఉచితం. పూర్తి వ్యాసాలు కావాలంటే ఫ్రీ ఫుల్ టెక్స్ట్ అనే మరో వడపోత ఉన్నది. వ్యాసం మీద ఎర్రని పట్టీలో రిట్రాక్టెడ్ అని కనిపిస్తే దాన్ని పత్రికే వెనక్కి తీసుకున్నదని అర్థం. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వేక్‌ఫీల్డ్ వ్యాసాన్ని లాన్సెట్ 2010లో ఇట్లాగే ఉపసంహరించింది. ఆ పట్టీ చూడనివారు ఇప్పటికీ దాన్ని పంచుకుంటూనే ఉన్నారు.

ఎవరైనా "కొత్త మందు పరీక్ష జరుగుతున్నది, చేరండి" అంటే, సీటీఆర్ఐ అని వెతకండి. మన దేశంలో జరిగే ఔషధ పరీక్షల పట్టిక అది. 2007 జూలైలో ప్రారంభమైంది, 2009 జూన్ నుంచి మందుల పరీక్షలను అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరు చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు, ఏ నైతిక సంఘం అనుమతించింది, అన్నీ అందులో ఉంటాయి. ఎలెన్ రోష్ వంటివారి కోసం ఉన్న కిటికీ అది. చేరే ముందు అందులోకి తొంగిచూడటం మీ హక్కు.

మరి నేల ఉసిరి రసం తాగితే మా ఊళ్ళో పదిమందికి కామెర్లు తగ్గాయి కదా అని మీరు అడుగుతారు. తగ్గే ఉంటాయి. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ వారాలలో ఏ రసం తాగితే ఆ రసానికి పేరు వస్తుంది. హెపటైటిస్ బి దీర్ఘకాలం నిలిచిపోయిన మనిషి అదే రసాన్ని నమ్ముకొని ఏళ్ళు గడిపితే కాలేయం గట్టిపడిపోతుంది, క్యాన్సరు కూడా రావచ్చును. ఆ వైరస్‌ను అదుపులో ఉంచే మాత్రలు ఇప్పుడు ఉన్నాయి. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ, ఆ మాత్రలూ ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో ఉచితంగా ఇస్తున్నారు. ఆ కార్యక్రమం పేరుతో వెతికితే ప్రభుత్వ పేజీలోనే దాని వివరాలు దొరుకుతాయి.